ఇరవై థౌ తీసేశాక

అరిగిపోయిన ఇంజిన్‌ను ఇంట్లోనే విప్పి మళ్ళీ కట్టుకునేవాడికి ఒక ప్రశ్న తప్పదు. సిలిండర్లు బోరు చేయించాం, పిస్టన్లు కొత్తవి వేశాం, క్రాంకు గ్రైండింగ్ అయింది, హెడ్డు చెక్కించాం, పుట్టినప్పటికంటే కాస్త ఎక్కువ ఊపు వచ్చేలా నాలుగు మార్పులూ చేశాం. ఇప్పుడు బానెట్టు కింద ఉన్నది ఆ పాత ఇంజినేనా, ఇంకోటా? ఆర్టీవో ఆఫీసు దీనికి ఒక జవాబు చెబుతుంది. అంబేడ్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చిన మా చంద్రపూర్ దీక్షాభూమి ఇంకో జవాబు చెబుతుంది. ఏది నిజమో నాకు తేలిపోయింది. ఎలా తేలిందో చెబుతాను.

నాది బొగ్గు గని బతుకు. మా తాత కరీంనగర్ వైపు నుంచి చంద్రపూర్ పక్కనున్న బల్లార్‌పూర్ గనికి కూలికి వచ్చాడు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, గనిలో హిందీ మాట్లాడుతూ పెరిగాం. ఓపెన్‌కాస్టులో డంపర్లు, డోజర్లు బాగుచేసే ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా వరండాలో చెక్కబల్ల మీద ఒక ఫియట్ 1100 ఇంజిన్ విప్పి ఉంది.

ఫియట్‌ను స్పోర్ట్స్ కారంటే ఈ కాలం పిల్లలు ఒప్పుకోరు. కానీ బయటి దేశపు బండి దిగుమతి చేసుకోవడం మామూలు మనిషికి అందని రోజుల్లో మన దేశంలో పందెపు కారంటే చాలామందికి ఇదే. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధంనాటి విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు చేసిన ఈ సంసారపు బండినే విప్పి, హెడ్డు చెక్కి, కార్బురేటర్లు మార్చి అక్కడ దింపేవాళ్ళు. కోయంబత్తూరు కరివర్ధన్ లాంటివాళ్ళు రేసు కార్లనే సొంతంగా కట్టారు. నా బండి కూడా ఎవరో పరుగు కోసం మార్చుకున్నదే. వెనక సీటు తీసేసి ఉంది. డోర్ల మీద పందెం నంబరు అంటించిన గుండ్రటి మచ్చలు రంగు కింద ఇంకా కనబడతాయి.

ఇంజిన్ 1089 సి.సి. నాలుగు సిలిండర్లు, 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, క్రాంకుకు మూడే మెయిన్ బేరింగులు. నా చేతికి వచ్చేసరికి పూర్తిగా బోరుకొచ్చింది. ఎక్సలేటర్ తొక్కితే నీలం పొగ, ఆయిల్ మూత తీస్తే ఉఫ్‌మని గాలి. హెడ్డు విప్పాక సిలిండర్ లోపల పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందికి లాగాను. గోరు ఒక మెట్టు మీద టక్కున ఆగింది. ఆ మెట్టు పైన ఉన్నది కుర్లాలో కోసిన అసలు గోడ. దాని కింద ఉన్నది ఇన్నేళ్ళ ప్రయాణం తిన్న గోడ. పిస్టన్ పైకొచ్చి ఆగి వెనక్కి తిరిగే చోట రింగు ఒక్క క్షణం నిలబడిపోతుంది. వేడి అక్కడే ఎక్కువ, ఆయిల్ పొర అక్కడే పలచన. అందుకే అరుగుదల అంతా పైన. మా ఊళ్ళో దీనికి తోడు దుమ్ము. బొగ్గు మెత్తనిదే, గోడను పెద్దగా కోయదు. బొగ్గు మీద నుంచి తవ్వి పోసే మట్టిలోని ఇసుక, థర్మల్ ప్లాంటు బూడిద కోస్తాయి. ఎయిర్ ఫిల్టర్ సందులోంచి జొరబడి అవి రింగుల కింద ఆకురాయిలా పనిచేస్తాయి.

బ్లాకు తీసుకుని లేత్ షాపుకు వెళ్తే, సిరొంచ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మిస్త్రీ డయల్ గేజి దించి చూసి అన్నాడు: "అన్నా, గీసారి ట్వంటీ కొడితే సాఫైతది. ఇంక రెండు జన్మలున్నయ్ దీనికి."

ట్వంటీ అంటే 20 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బజారులో ఓవర్‌సైజు పిస్టన్లు 20, 40, 60 థౌలో దొరుకుతాయి. అది కూడా దాటితే స్లీవు కొట్టి మళ్ళీ మొదటి సైజుకు తెచ్చుకోవాలి. మిస్త్రీ లెక్క అదే. ఆయన జన్మ అన్న మాట దగ్గర మాత్రం నా ఆలోచన చాలా రోజులు తిరిగింది.

ఈ ప్రశ్న పాతదే. గ్రీకు వీరుడు థీసియస్ ఓడ పలకలు పుచ్చిపోతుంటే ఏథెన్సువాళ్ళు ఒక్కొక్కటీ మారుస్తూ వచ్చారని, అది పాత ఓడా కొత్త ఓడా అని పండితులు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పాత పలకలన్నీ దాచి ఇంకో ఓడ కడితే ఏది అసలుదని ఇంగ్లండు తత్త్వవేత్త హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు. ఇంజిన్ పనికి ఆ మెలిక అతకదు. ఓడలో పలక తీసి పలక పెడతారు. స్లీవు దాకా పోనంతవరకు బోరులో తీయడమే ఉంది, పెట్టడం లేదు. బ్లాకు నుంచి చెక్కిన లోహం లేత్ కింద రజనుగా రాలుతుంది, దాంతో ఇంకో ఇంజిన్ ఎవరూ కట్టలేరు. అరిగిన గోడను బాగుచేయాలంటే ఇంకా కొంత గోడ పోగొట్టుకోవాల్సిందే. అందుకని నాకు ఓడ కంటే రథమే దగ్గరగా ఉంది.

బౌద్ధులు మిళిందుడని పిలిచే గ్రీకు రాజు మినాండర్ నాగసేనుడనే భిక్షువును కలిశాడు. నాగసేనుడనేది పేరు మాత్రమే, ఆ పేరు వెనక శాశ్వతమైన మనిషి ఎవరూ లేరని భిక్షువు అంటే రాజు ఒప్పుకోలేదు. అప్పుడు నాగసేనుడు రాజు ఎక్కి వచ్చిన రథం గురించే అడిగాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? ఇవి కాకుండా వేరే ఏదైనా ఉందా? రాజు అన్నిటికీ కాదనే చెప్పి, చివరికి ఇవన్నీ ఒక తీరులో కూడినప్పుడు వాడే పేరే రథమని తానే ఒప్పుకున్నాడు. నా బల్ల మీదా అంతే. క్రాంకు ఒక పక్క, కనెక్టింగ్ రాడ్లు ఒక పక్క, వాల్వులు అట్టముక్కలో గుచ్చి వరసగా. అందులో ఏదీ ఫియట్ ఇంజిన్ కాదు. ఇంతవరకు చదువుకున్నవాళ్ళందరికీ తెలిసిన కథే.

నాకు కొత్తగా కనబడింది కొలతలో. మైక్రోమీటర్లకు ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో చంద్రపూర్ మధ్యాహ్నం 45 దాకా వెళ్తుంది. ఆ పాతిక డిగ్రీలకే 68 మిల్లీమీటర్ల ఇనుప బోరు 0.02 మిల్లీమీటర్ల దగ్గరగా సాగుతుంది. అల్యూమినియం పిస్టన్ దాదాపు దానికి రెట్టింపు, 0.04కు దగ్గరగా. పిస్టనుకూ గోడకూ మధ్య మనం వదిలే సందే రెండు థౌ ప్రాంతం, అంటే 0.05 మిల్లీమీటర్లు. తెల్లవారుజామున వదులుగా జారిన పిస్టన్ మధ్యాహ్నం అదే బోరులో బరువుగా దిగుతుంది. మరి పిస్టన్ అసలు సైజు ఎంత? ఎండను, లోహాన్ని, చేతి వేడిని పక్కనబెట్టి దానికంటూ సొంత సైజు లేదు. వేసవిలో కొలతలన్నీ తెల్లవారుజామునే తీసి, పక్కన ఆ వేళ ఉష్ణోగ్రత కూడా రాసుకుంటాను.

సొంత స్వభావమంటూ దేనికీ లేదు, అన్నీ కారణాల మీద ఆధారపడి నిలుస్తాయని చెప్పినవాడు బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు. తెలుగువాళ్ళం ఆయన్ని శ్రీపర్వతంతో, కృష్ణా లోయతో కలిపి తలచుకుంటాం. చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ మాత్రం ఆయన కోసల దేశంలో ఉన్నాడని రాశాడు. ఆ కోసల రాజధానిని బ్రిటిష్ పురాతత్త్వవేత్త కన్నింగ్‌హామ్ మా చంద్రపూర్ వైపే వెతికాడు. పక్కనే భద్రావతి దగ్గర విజాసన్ కొండలో బౌద్ధ గుహలు ఇప్పటికీ ఉన్నాయి. నాగార్జునుడు ఎక్కడివాడైనా కానీ, ఆయన వాదంలో నన్ను పట్టుకున్నది ఒక్క ముక్క. ఏ వస్తువుకైనా మారని స్వభావం ఉంటే అది మారడమే సాధ్యం కాదు, చెడింది చెడినట్టే ఉండిపోవాలి. శూన్యత అంటే ఏమీ లేకపోవడమని భయపడేవాళ్ళకు ఆయన ఇచ్చిన జవాబు ఇది: శూన్యత ఉంది కాబట్టే పని జరుగుతుంది. ఇంజిన్‌కు ఆత్మ ఉండి ఉంటే నేను రిపేరు చేయలేకపోయేవాణ్ణి.

ఇది మా ఇంట్లో ఇంజిన్ గొడవ మాత్రమే కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకుని, జనానికీ ఇచ్చిన బాబాసాహెబ్ అంబేడ్కర్ 16న మా ఊరు వచ్చారు. అప్పుడు ఊరి పేరు చాందా. ఇప్పుడు దీక్షాభూమి ఉన్న మైదానంలో వేలమందితో ఆయన చెప్పించిన 22 ప్రతిజ్ఞలలో, చివరిదానికి ముందుది, ఇది నాకు కొత్త జన్మ అని ఒప్పుకునే ప్రతిజ్ఞ. మా తాత ఆ జనంలో నిలబడి ఆ మాట పలికాడు. మా బాపు అప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్న పిల్లవాడు. మర్నాడు తాత గనిలోకి అదే హాజరు నంబరు మీద దిగాడు. అదే పేరు, అదే తట్ట. కానీ ఆ తర్వాత కరీంనగర్ వైపు సొంతూరికి వెళ్ళినప్పుడు చచ్చిన గొడ్డును లాగడానికి రమ్మంటే రానన్నాడు. దొర గడప ముందు చెప్పులు చేతబట్టుకోలేదు. అదే మనిషా అని ఊరు అడిగింది. అడగాల్సిందే. పుట్టుకతో వచ్చిన స్వభావం మారదని నమ్మేవాళ్ళకు మా తాత అర్థం కాడు. కులం అంటే ఆ నమ్మకమే కదా.

ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దూకుతుందన్న మాటను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయన పోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో పునర్జన్మను వేరేగా చెప్పారు. దేహంలోని మూలధాతువులు చెదిరి, తమలాంటి వాటిలో కలిసి, మళ్ళీ కూడతాయి. అందుకే మిస్త్రీ చెప్పిన రెండు జన్మల లెక్క నాకు అబద్ధంగా తోచలేదు.

మరి ఆత్మ లేకపోతే వెనకటి పాపం ఎవరిది? నాగసేనుడు దీనికి మామిడిపళ్ళ దొంగను చూపించాడు. నేను కోసిన పళ్ళు వేరు, తోటవాడు నాటిన టెంక వేరు, కాబట్టి నేను దొంగను కానని వాడు వాదిస్తే చెల్లుతుందా? చెల్లదు, ఈ పళ్ళు ఆ టెంక వల్లే వచ్చాయి. ఏ కాలంలోనో ఒక యజమాని ఎయిర్ ఫిల్టర్ కడగకుండా ఈ దుమ్ములో బండి తిప్పాడు. ఆయనెవరో నాకు తెలియదు. ఆయన వదిలేసిన పని నా సిలిండర్‌లో మెట్టు కట్టి కూర్చుంది. ఆత్మ దాటి రాలేదు గానీ అరుగుదల దాటి వచ్చింది. నేను చేసేదీ అలాగే దాటి వెళ్తుంది.

ఊపు పెంచడంలో నాకు అదే హద్దు. నాలుగు పిస్టన్లు, నాలుగు రాడ్లు తూకం వేసి, బరువైనవాటిని తేలికైనదానికి సమంగా చెక్కాను. పోర్టులు నున్న చేశాను, హెడ్డు కొద్దిగా చెక్కించాను. పెట్రోలులో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి సోలెక్స్ కార్బురేటర్‌కు కాస్త పెద్ద జెట్టు, కొత్త గొట్టాలు, కొత్త పంపు డయాఫ్రం వేశాను. పందెపు క్యామ్ వేయమని కుర్రాళ్ళు పోరారు. వేయలేదు. మూడు బేరింగుల మీద నిలిచే క్రాంకు ఎక్కువ ఆర్పీయమ్‌లో వంగుతుంది. ఆ వంపు నాకు కాకపోయినా నా తర్వాతివాడికి చేరుతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. ఆర్.సి.లో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉంటే అది అదే బండి. బోరు చేస్తే నంబరు చెరగదు, కాబట్టి నాదీ అదే. కానీ 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా, వీఏ సిరీస్‌లో నమోదు చేయించాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు చేసి ఉండకూడదు. అక్కడికి వెళ్తే నాది అదే బండి కాదు. రిజిస్టరుకు మార్పు ఎప్పుడూ ఇబ్బందే. మా తాతలాంటివాళ్ళు 1956లో బౌద్ధులైతే, షెడ్యూల్డ్ కులాల కేంద్ర జాబితా నిబంధనలో బౌద్ధులకు చోటు 1990లో గానీ దొరకలేదు. నేను వీఏ నంబరుకు దరఖాస్తు పెట్టను. మారకుండా ఉన్నందుకు ఇచ్చే గౌరవం నా బండికి అక్కర్లేదు.

పాత ఇంజిన్ విప్పబోయేవాళ్ళకు ఒక మాట. వింటేజ్ నమోదు కావాలో, మార్పు కావాలో లేత్ షాపుకు వెళ్ళకముందే తేల్చుకోండి. విప్పాక నాలుగు బోర్ల కొలత పైనా మధ్యా కిందా, అడ్డంగా ఒకసారీ నిలువుగా ఒకసారీ తీసి, క్రాంకు జర్నల్ సైజులు, రింగు సందు, ఎన్ని థౌ తీశారో, ఏ జెట్టు వేశారో, తేదీతో సహా నోటుబుక్కులో రాయండి. బండి అమ్మిన రోజు ఆర్.సి.తో పాటు ఆ నోటుబుక్కు కూడా కొన్నవాళ్ళ చేతిలో పెట్టండి.