మరుపు తప్పవుతుందా?

మా చిన్నమామకు 34 ఏళ్లు. ఎవరు అడిగినా సాయం చేస్తాడు. కానీ మా హోసూరులో రెండు నెలలకొకసారే కట్టే కరెంటు బిల్లు కూడా మరిచిపోతాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఇంకో పనిలో పడతాడు. పొద్దున్నే తాళంచెవి కోసం ఇల్లంతా వెతుకులాట. "పెద్దవాడివయ్యావు, ఒళ్లు దగ్గర పెట్టుకో" అని ఇంట్లో అందరూ తిట్టేవాళ్లు.

పోయిన ఏడాది డాక్టరుగారు ఇది ఏడీహెచ్‌డీ అన్నారు. పెద్దయ్యాక కొత్తగా వచ్చేది కాదట, 12 ఏళ్లలోపే లక్షణాలు కనిపిస్తాయట. ఇది సోమరితనం కాదు. ధ్యాసను అదుపులో ఉంచే మెదడు పనితీరులోనే తేడా.

మరి మామ తప్పేమీ లేదా? ఒకసారి నన్ను ట్యూషన్ నుంచి తీసుకురావడం మరిచాడు. చీకట్లో గంటసేపు ఏడుస్తూ నిలబడ్డాను. కారణం తెలిసినా ఆ భయం అబద్ధమైపోదు. మామే అన్నాడు: "మరుపు నా చేతిలో లేదు పాపా. కానీ నువ్వు భయపడింది నా వల్లే."

ఇప్పుడు ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకుంటాడు. తాళంచెవికి గుమ్మం పక్కన మేకు కొట్టాం. బిల్లు తేదీ నేను గుర్తుచేస్తాను. చూపు తగ్గినవాళ్లను తిట్టం, కళ్లజోడు ఇస్తాం. ఇదీ అంతే. బాధ్యత మామదే, సాయం మాత్రం మా అందరిదీ.