కాళ్ల కింది అక్షరం

సిడ్నీ టౌన్ హాల్ పక్కన, కెథెడ్రల్‌కూ హాలుకూ నడుమ ఉన్న బయలులో, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ. కొడుకు దగ్గరికొచ్చిన మా తెలుగు మాస్టారు గులకరాళ్ల మధ్య అల్యూమినియంతో అమర్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట చూసి ఆగిపోయారు. ‘ఎటర్నిటీ’. అనంతకాలం.

“ఇదెవరి సమాధి, అబ్బాయ్?”

“సమాధి కాదండీ, ఆర్థర్ స్టేస్ అనే ఆయన చేతిరాతకు నకలు. 1977లో పెట్టారు. ఆయన 1932 నుంచి చనిపోయేదాకా 35 ఏళ్లు ఈ ఊరి కాలిబాటల మీద సుద్దముక్కతో ఈ మాట రాశాడు. ఐదు లక్షల సార్లని అంచనా. రోజుకు దాదాపు 40 పడుతుంది. తాగుబోతుల ఇంట పుట్టి, తానూ తాగుడులో మునిగి, 1930లో చర్చికి చేరిన మనిషి. రెండేళ్లకు ఒక బోధకుడు ఈ మాట సిడ్నీ వీధులన్నిటా మోగాలన్నాడు. అది విన్న స్టేస్ బయటికొచ్చి జేబు తడుముకుంటే సుద్దముక్క తగిలింది. తన పేరే సరిగ్గా రాయలేనివాడికి ఈ మాట అందమైన గొలుసుకట్టులో వచ్చేసింది. రాస్తున్నదెవరో 1956 దాకా ఊరికి తెలియదు.”

“అయితే మతప్రచారమేగా?”

“ఆయన మనసులో అదే. అయినా ఆ మాటలో దేవుడి పేరు లేదు, చర్చి చిరునామా లేదు, రమ్మన్న పిలుపూ లేదు. చదివినవాడు దాన్ని ఎటు తీసుకెళ్తే అటు పోతుంది.”

“సరే, ఒప్పుకున్నాను. పోలీసులో?”

“చాలాసార్లు ఆపారు. వానకు పోయే సుద్దకు చట్టమెందుకండీ?”

అదీ ఒప్పుకున్నారు. కానీ కదల్లేదు.

“నా బాధ వేరు. కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగాం. ఈయన అక్షరాన్ని నేల మీద పరిచాడు. క్షరం కానిది అక్షరం. నశించనిదాన్ని పొద్దున రాసి, సాయంత్రానికి ఊరి చేత తొక్కించడమా? దీన్ని కళ అంటావా?”

నన్ను చాలాకాలం నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. అందుకే జవాబు పొడుగ్గానే చెప్పాను.

“మీ చేత మొదటి అక్షరం దేనిలో దిద్దించారు మాస్టారూ?”

“పళ్లెంలో పోసిన బియ్యంలో.”

“దిద్దాక ఆ బియ్యాన్ని సర్దేశారు. మీ ‘ఓం’ ఎక్కడుందని ఎవరూ వెతకలేదు. ఆ తర్వాత పలక. రోజంతా దిద్దడం, తడిగుడ్డతో తుడవడం. చెరిగినందుకు అక్షరానికి అవమానం జరిగిందని మీరు ఏ పిల్లవాడికీ చెప్పలేదు. నశించనిది అక్షరమైతే దానికి రాయీ లోహమూ ఎందుకండీ? నశిస్తుందని భయపడేవాళ్లే శాసనం చెక్కిస్తారు. ఇక తొక్కడమంటారా, స్టేస్ తలెత్తి చూసేచోట రాయలేదు. పొద్దున్నే తలవంచుకుని పనికిపోయేవాడి చూపు ఎక్కడ పడుతుందో అక్కడ రాశాడు. అడుగు వేయబోయేవాడు మాట చూసి ఒక్క క్షణం కాలు పక్కకు పెడితే, అది మనం కాగితాన్ని కళ్లకద్దుకోవడం లాంటిదే.”

మాస్టారు చాలాసేపు పలకలేదు. తర్వాత మాట వేరే దారి పట్టింది.

“ధనుర్మాసంలో మా అమ్మ తెల్లవారుజామున పేడనీళ్లు చల్లి చుక్కల ముగ్గు పెట్టేది. చుక్క తప్పితే మళ్లీ మొదలు. పాలవాడి సైకిలు దాని మీదుగానే వెళ్లేది. ‘అయ్యో, పోయిందే’ అని నేను ఏడిస్తే, ‘రేపు ఇంకోటి వేస్తాగా’ అనేది. ఆ ముగ్గుల్లో ఒక్కటైనా నా దగ్గర ఉంటే బాగుండును.”

ఆయన గొంతు తడిసింది. నా వాదం కాసేపు పక్కకు పోయింది. పోనీ అనుకున్నాను.

మళ్లీ ఆయనే అందుకున్నారు. “మరి పెద్ద లైట్ల బోర్డుల మీద రాసేవాళ్లో?”

“అమెరికన్ కళాకారిణి జెన్నీ హోల్జర్ ఉందిగా. 1977 నుంచి మన్‌హట్టన్ గోడలకు పేరు లేకుండా చిన్న చిన్న వాక్యాలు అంటించింది. 1982లో టైమ్స్ స్క్వేర్ దీపాల బోర్డు మీద, ప్రకటనల మధ్యనే, ఆమె మాటలు వెలిగాయి. కొనమనే బోర్డు కాసేపు ఆలోచించమంది. మంచి పని. అయినా బోర్డు ఎవరో ఇవ్వాలి, కరెంటు ఎవరో కట్టాలి. స్టేస్‌కు సుద్దముక్క చాలు. వీధిలో మాట కళ కావాలంటే ఏమీ అమ్మకూడదు, తుడిచేస్తే తుడుచుకుపోవాలి. నేను దీని నుంచి కదలను. మీరు చూస్తున్న ఈ అల్యూమినియం ముక్క జ్ఞాపకచిహ్నం. 2000 జనవరి 1 వచ్చిన రాత్రి హార్బర్ వంతెన మీద ఇదే మాటను దీపాలతో వెలిగించారు, ఊరు పరవశించింది. అది పండగ. ఆ రెంటినీ గౌరవిస్తాను. కళ మాత్రం ఆ సుద్దదే.”

“ఆయన రాసింది ఒక్కటీ మిగల్లేదా?”

“యుద్ధకాలంలో, 1942లో, బాంబు విమానాలకు గురి కాకూడదని జనరల్ పోస్టాఫీసు గడియార గోపురాన్ని విప్పేశారు. అరవైల్లో మళ్లీ కడుతూ గంటను బయటికి తీస్తే, దాని లోపలి వైపు సుద్దతో ఈ మాట ఉంది. ఇంకొకటి ఆయన ఎవరికో అట్టముక్క మీద రాసిచ్చింది, మ్యూజియంలో ఉంది. కాలిబాటల మీద రాసినవన్నీ పోయాయి.”