తిరుగు తొవ్వ

హన్మకొండ చౌరస్తా పక్క సందులో ఒక రిపేరు షాపు. రేడియోల కాలం నుంచి ఆ పెద్దాయన అక్కడే కూర్చుంటున్నాడు. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, గోడ మేకులకు తెగిన హెడ్‌ఫోన్లు. ఒక సాయంత్రం ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు కుడి చెవి పలకని హెడ్‌సెట్ పట్టుకొని వచ్చాడు. రాత్రిపూట స్నేహితులతో వాలొరెంట్ ఆడతాడు. ఆ ఆటలో శత్రువు కంటికి కనబడకముందే అడుగుల చప్పుడు చెవిన పడుతుంది. అది ఎడమ నుంచో కుడి నుంచో పసిగట్టినవాడే బతుకుతాడు. ఒక చెవి పోతే ఆట పోయినట్టే.

పెద్దాయన కీలు దగ్గరి మూత స్క్రూలు విప్పి, లోపలి తీగలను పట్టకారుతో పైకి లేపాడు. వెంట్రుకంత సన్నగా, ఎర్రది ఒకటి, రాగి రంగుది ఒకటి. ఎర్రది తెగి ఉంది.

"గీడ సూడు బిడ్డా. ఈ చెవి నుంచి ఆ చెవికి పోయే తీగలు తల మీది పట్టీల నుంచి పోతయ్. నువ్వు పెట్టుకొని తీసినప్పుడల్లా ఈ కీలు కాడనే మలుగుతయ్. మస్తు హెడ్‌సెట్లు గీడనే సస్తయ్. తీగైతే అతుకుత. గని కీలు గూడ పగిలింది, అది అతకది."

కుర్రాడు ఫోన్ తీసి చూపించాడు. విదేశీ సైట్‌లో వైర్‌లెస్ హెడ్‌సెట్. ఇక్కడి షాపుల్లో అలాంటిదానికి చెప్పే ధరలో సగమే. పెద్ద అక్షరాల్లో 7.1 సరౌండ్ అని రాసి ఉంది.

"ఒక్కో చెవి గిన్నెల ఉండేది ఒక్కటే స్పీకర్. తక్కినదంతా సాఫ్ట్‌వేర్ చేసే పని. ఆ అంకె సూసి పైసలు పెట్టకు. మైక్ ఎట్లుంది, కీలు లోహంతోటి చేసిన్రా, ప్యాడ్లు ఊడదీసి కొత్తవి ఎయ్యొస్తదా, అవి సూడు. సరే గని, ఇది కరాబైతే ఏడికి పంపుతవ్?"

"ఏడాది వారంటీ ఉంది కాకా."

"వారంటీ ఉన్నది. తిరుగు తొవ్వ ఉన్నదా?"

కుర్రాడికి ఆ మాట ఎక్కలేదు. అదే రాత్రి ఆర్డర్ పెట్టాడు.

పార్సెల్ దేశంలో దిగగానే కొరియర్ వాళ్ల మెసేజ్ వచ్చింది: గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేయండి, సుంకం కట్టండి. ఆ సుంకం వస్తువు ధర ఒక్కదాని మీద వేసింది కాదు. రవాణా ఖర్చు, బీమా కూడా కలిపి లెక్కగట్టారు. దాని పైన ఐజీఎస్టీ, ఆ పైన కొరియర్ వాళ్ల సేవా రుసుము. గిఫ్ట్ అని రాయించి ఉంటే తప్పేదని ఒక స్నేహితుడు అన్నాడు. ఆ దారి 2019 డిసెంబరులోనే మూసేశారు. గిఫ్ట్ పేరుతో సుంకం కట్టకుండా తెప్పించుకునే వీలు రాఖీలకు, ప్రాణరక్షక మందులకే మిగిలింది. అన్నీ కట్టేసరికి సగం ధర కాస్తా ముప్పాతిక దాటింది.

వస్తువు మాత్రం బాగుంది. దానికి అన్యాయం చేయకూడదు. బ్లూటూత్‌లో పెడితే తుపాకీ పేలాక కాసేపటికి చప్పుడు వినబడేది గానీ, డబ్బాలో వచ్చిన డాంగిల్ కంప్యూటర్‌కు గుచ్చితే చెవికి తెలిసేంత ఆలస్యం లేదు. చలికాలమంతా కుర్రాడు హాయిగా ఆడాడు.

మే నెలలో ఎడమ గిన్నె మూత కొంచెం పైకి లేచింది. వేలితో నొక్కితే మెత్తగా తగిలింది. లోపల బ్యాటరీ ఉబ్బింది. కంపెనీకి ఫొటోలు పంపితే మర్యాదగానే జవాబిచ్చారు: మా గోడౌన్‌కు పంపండి, కొత్తది ఇస్తాం, పంపే ఖర్చు మీది. కొరియర్ ఆఫీసులో అమ్మాయి పెట్టె తెరిచి చూసి వెంటనే మూసేసింది. ఉబ్బిన లిథియం బ్యాటరీని విమానం ఎక్కించరు. గాల్లో అంటుకుంటే ఆర్పడం కష్టం కాబట్టి అది ప్రపంచమంతా పాటించే నియమం. పోనీ బ్యాటరీ తీసి పంపుదామంటే, విప్పిన వస్తువుకు వారంటీ వర్తించదని కార్డు మీదే ఉంది. వారంటీ ఇంకా కొన్ని నెలలు మిగిలే ఉంది. కంపెనీ మాట తప్పలేదు, కొరియర్ వాళ్లదీ తప్పు కాదు. హెడ్‌సెట్ మాత్రం హన్మకొండ దాటదు.

కుర్రాడు మళ్లీ సందులోకి వచ్చాడు. పెద్దాయన బ్యాటరీని గుచ్చకుండా జాగ్రత్తగా వేరు చేసి ఇసుక డబ్బాలో పెట్టాడు. ఆ కొలతకు సరిపోయే సెల్ ఎక్కడా దొరకలేదు. అప్పుడే బల్ల మీద చైనా ముద్రలున్న పార్సెల్ ఒకటి కుర్రాడి కంటబడింది.

"నువ్వు గూడ బయటి నుంచే తెప్పిస్తవా కాకా?"

"తెప్పిస్త. స్పాంజి ప్యాడ్లు అవి. చినిగితే పారేస్త, ఎవలకు తిప్పి పంపుత? అసొంటియి ఏ దేశం నుంచన్న తెప్పించుకో. తిప్పి పంపే అక్కెర పడేటియి మాత్రం తొవ్వ సూసుకున్నంకనే కొనాలె."

ఆ కుర్రాడు తర్వాత వైరున్న హెడ్‌సెట్ కొన్నాడు. తీగ ఊడదీసి మార్చుకునే రకం. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉంది, బిల్లు మీద షాపు ముద్ర ఉంది.

నీతి: తిప్పి పంపే దారి కూడా ధరలో భాగమే.

విదేశీ సరుకు చెడ్డదని, ఊళ్లో దొరికేది మంచిదని ఈ కథ చెప్పడం లేదు. ఇక్కడ దొరకని మంచి వస్తువులు బయట చాలా ఉన్నాయి, తెప్పించుకోవాల్సిందే. కానీ బ్యాటరీ ఉన్నదానికి, కీలున్నదానికి, రోజూ చేతిలో నలిగేదానికి జబ్బు చేయడం ఖాయం. ఆ రోజు దాన్ని ఎవరు చూస్తారన్నది కొనేవాడు ముందే తేల్చుకోవాలి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. అమెరికాలో ఉన్న అన్నయ్య సూట్‌కేసులో తెచ్చిచ్చినా అంతే, ఇక్కడి సర్వీస్ సెంటర్ చేయి వేయనంటుంది. మార్చి పంపిన కొత్తదానికి మళ్లీ సుంకం పడే అవకాశమూ ఉంది. ఇక్కడ బిల్లుతో కొన్నదానికి మనకు చట్టం అండ ఉంది. 1915కు ఫోన్ చేయొచ్చు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. ఎక్కడో సముద్రం అవతల గోడౌన్ మాత్రమే ఉన్న అమ్మకందారు మీద కేసు గెలిచినా డబ్బు రాబట్టడం చాలా కష్టం.

పిల్లలు విదేశీ సైట్‌లో హెడ్‌సెట్ చూపించి అడిగితే వద్దని కసరకండి. పక్కన కూర్చోబెట్టుకొని వారంటీ పేజీ వాళ్లచేతే చదివించండి. మన దేశంలోనే సర్వీస్ చేస్తామని అందులో ఉంటే కొనిపెట్టండి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న వస్తువేదైనా ఇంట్లో ఉంటే మాత్రం ఈరోజే ఛార్జింగ్ నుంచి తీసేయండి. చెత్తబుట్టలో పడేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించండి.