పుట్టిన బిడ్డకు మనమిచ్చు కానుక

సకల ప్రాణులయందును దయ గలిగి మెలగుమని బసవేశ్వరుడు బోధించినాడు. ఈ బోధ పొరుగువానిని తూచుటకా, మనలను మనము తూచుకొనుటకా? గత సంవత్సరము డోనులో జరిగిన ఒక సంగతి నాకు ఈ ప్రశ్నను కలిగించినది.

మా వీధిలోని ముస్లిం మిత్రుని ఇంట మనుమరాలు పుట్టినది. ఆయన నన్ను అఖీఖాకు పిలుచుచు, "అయ్యవారూ, మీకు పాలు, పండ్లు వేరుగా పెట్టిస్తాను, తప్పక రావాల" అన్నాడు.

అఖీఖా అనగా బిడ్డ పుట్టినందుకు కృతజ్ఞతగా గొర్రెనో మేకనో దైవము పేర కోయుట. సాధారణముగా ఏడవనాడు చేయుదురు. బిడ్డకు పేరు పెట్టి, పుట్టువెండ్రుకలు తీయించి, వాని ఎత్తు వెండిని పేదలకు దానము చేయుదురు. మాంసమును బంధువులకును పేదలకును పంచుదురు. ఇది నమాజువలె తప్పనిసరి విధి కాదనియు, శక్తి గలవారు ఆచరింపదగిన ప్రవక్త సంప్రదాయమనియు పెక్కురు ముస్లిం పండితుల అభిప్రాయము.

"ఒక ప్రాణము వచ్చినందుకు మరియొక ప్రాణమును తీయవలెనా?" అని నేనడిగితిని. ఆయన కోపగింపలేదు. "మేము కోసింది బీదల కడుపుకు చేరుతుంది. ఊరి జాతరకు మీరూ చందా ఇస్తారు కదా, అక్కడ తెగే పొట్టేళ్ల మాటేమి?" అన్నాడు.

నాకు మాట రాలేదు. దేవాలయములలో జంతుబలిని నిషేధించు చట్టము 1950 నుండి ఉన్నది. అయినను మన సీమ జాతరలలో పొట్టేళ్లు తెగుచునే ఉన్నవి. మనము కత్తి పట్టము. చందా పుస్తకములో మన పేరుండును. నా పేరును ఉన్నది.

జాతరలోని హింస అఖీఖాలోని హింసను ఒప్పు చేయదు. మూగజీవికి రెండుచోట్లను బాధ ఒక్కటే. కాని తన చందా లెక్క చూచుకొననివానికి పొరుగింటి కత్తిని గూర్చి పలుకు అర్హత ఎక్కడిది?

మన ఇంట బిడ్డ పుట్టినచో జంగమస్వామి వచ్చి విభూతి పూసి లింగధారణ చేయును. ఆడబిడ్డకైనను మగబిడ్డకైనను లింగమొక్కటే. ఏ ప్రాణియు చావనక్కరలేదు. ఇది మన భాగ్యము. అయితే ఆడపిల్ల పుట్టినదనగానే కొన్ని ఇండ్లలో మిఠాయి పంచుటకు చేతులు రావు. పేదవాని ఆకలి ఆనాడు మనలో ఎందరికి జ్ఞప్తికి వచ్చుచున్నది? ఆ మిత్రుడు ఆడబిడ్డకు వేడుక చేసినాడు, పేదను మరువలేదు. దాసోహమును నిత్యము స్మరించు మనము ఆ రెండింటిని నేర్చుకొనుట చిన్నతనము కాదు.

నేను వెళ్లితిని. పాలు త్రాగి, బిడ్డ చేతిలో వెండి నాణెముంచి దీవించితిని. ఈ ఏడు జాతరవారు వచ్చినప్పుడు, "త్రాగునీటికైతే ఇచ్చెదను, బలికి ఇవ్వను" అంటిని. కొందరు నొచ్చుకొనిరి. దయను ముందు మన గడపలోనే నిలుపుకొందము.