స్వయంసమృద్ధిలో ‘స్వయం’ ఎవరు?

ఏదైనా పని మూలపడితే అది అటకెక్కిందంటాం. ఈ మాట పుట్టించింది మగవాళ్లేనని నా అనుమానం. అటకెక్కించినది ఏదైనా ఆడవాళ్లకు అక్కడితో తీరిపోదు కదా! కందిపప్పు డబ్బా దించి ఎండబెట్టాలి. చింతపండు గింజ తీసి జాడీకెత్తాలి. బియ్యానికి పురుగు పడితే చెరగాలి, మళ్లీ ఎక్కించాలి. సరుకు అర మీద ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిందే.

ఈ మధ్య నా స్నేహితుల్లో చాలామంది స్వయంసమృద్ధ జీవితం గురించి మాట్లాడుతున్నారు. మేడ మీద కూరగాయలు, గానుగ నూనె, రైతు దగ్గరే ఏడాదికి సరిపడా కొన్న బియ్యం, కారం. బజారు మీద ఆధారపడకూడదన్న ఆ కోరిక నాకూ ఉంది. పోయిన వేసవిలో వంటింటి పక్క గదిలో ఐదు అరల ఇనుప రాక్ వేయించాను. 25 కిలోల బస్తాలు నాలుగు పెడితే ఒక్క అర మీదే వంద కిలోలు. రేకు కింద అడ్డపట్టీ వెయ్యమన్నాను, ముందుకు ఒరగకుండా గోడకు బిగించమన్నాను. బరువైనవన్నీ కింది అరలోనే పెడతామని కూడా చెప్పాను. బిగించడానికొచ్చినతను శ్రద్ధగా విన్నాడు. విని, “సార్ వచ్చాక ఒక మాట అడిగి ఖాయం చేద్దాం మేడమ్” అన్నాడు. మా ఇంట్లో సార్ లేరు. ఉండేది నేనూ, మా అమ్మా.

నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది. ఇల్లు స్వయంసమృద్ధమైతే ఆ ఇంట్లో స్త్రీ స్వతంత్రురాలవుతుందా? కారం ప్యాకెట్టు మానేసిన ఇంట్లో మిరపకాయల తొడిమలు తీసేదెవరు? 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే చూడండి. అప్పట్లో ఇంటిపనిలో పాలుపంచుకున్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు ఆ పని ముట్టుకున్న పురుషులు నూటికి 26 మంది. ఈ లెక్కల మీద మరో రెండు జాడీలు పెడితే బరువు ఎటు ఒరుగుతుందో చెప్పక్కర్లేదు. అలాగని ప్యాకెట్ల తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. బజారు నుంచి విముక్తి అని మనం అంటున్నది చాలాసార్లు ఇంట్లోని ఒక మనిషికి పని బదిలీ చేయడమే అవుతోందని మాత్రం అంటున్నాను.

మా అమ్మమ్మ వాళ్లది గుంటూరు జిల్లాలో గాదెలున్న ఇల్లు. ఉప్పూ కిరసనాయిలూ తప్ప దేనికీ బజారు మొహం చూడలేదని ఆవిడ గర్వంగా చెప్పేది. కొట్టుగది తాళంచెవి ఆవిడ బొడ్డునే ఉండేది. కానీ వంటకు కావలసినవి మించి ఒక్క కుంచం కొలవాలన్నా తాతయ్య మాట కావాలి. నెలలో మూడు రోజులు తాను పెట్టిన ఆవకాయ జాడీని తానే తాకకూడదు. ఇక ఆ ధాన్యాన్ని కోసి, తూర్చి, దంచి, చెరిగిన మాలపల్లె ఆడవాళ్లకు ఆ గది గడపే దాటే వీల్లేదు. వాళ్ల కూలి గింజలు వాకిట్లోనే కొలిచేవారు. ఎవరినీ దేబిరించని ఇల్లు అన్న మాటలో ఎన్ని చేతులు లెక్కలోంచి జారిపోయాయో! గాంధీ గ్రామస్వరాజ్యం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గడపే గుర్తొస్తుంది.

నిల్వ చేసుకోవడం ముందుచూపు అంటారు. ముందుచూపుకి చేతిలో డబ్బుండాలి, మేకు కొట్టడానికి గోడ కూడా ఉండాలి. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించగానే మాలాంటి వాళ్లం దుకాణాలకు పరిగెత్తాం. ఏ రోజు కూలితో ఆ రోజు కిలో బియ్యం కొనుక్కునే వాళ్లు తర్వాత కొద్ది రోజులకే పిల్లల్నెత్తుకుని సొంతూళ్లకు నడిచారు. వాళ్లకు ముందుచూపు లేదని అనగలమా?

దాచుకోవడాన్ని మరో విధంగా అర్థం చేసుకున్న స్త్రీలు జహీరాబాద్ దగ్గర ఉన్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు వెదురు బుట్టలకు పేడ, మట్టి అలికి, బూడిదా వేపాకూ కలిపి జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలు దాస్తారు. అడిగిన వాళ్లకిస్తారు. పంట చేతికొచ్చాక వాళ్లు తీసుకున్నదానికన్నా కాస్త ఎక్కువ కొలిచి తిరిగిస్తారు. 1990లలో బీళ్లు సాగులోకి తెచ్చి, ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, ఎవరు పేదవాళ్లో ఊరివాళ్లంతా కూర్చుని తేల్చి, తక్కువ ధరకు పంచారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ కూడా బుట్టలు అలికేది ఆడవాళ్లే. అయితే బుట్ట ఎప్పుడు తెరవాలో, ఎవరికి కొలవాలో నిర్ణయించేదీ వాళ్లే. విత్తనాన్ని ఎవరూ ఎల్లకాలం దాచుకోలేరు, వానొస్తే బుట్ట ఖాళీ కావలసిందే. మా అమ్మమ్మ గాదెకీ ఈ బుట్టకీ తేడా నాకు అక్కడే కనిపిస్తుంది.

మా ఇంట్లో పప్పులు ఎండబెట్టేది నేను కాదు, పనికొచ్చే ఆమె. రాక్ వచ్చాక పని పెరిగిందని ఆమే చెప్పింది, జీతం పెంచాం. తర్వాత ఓ రోజు “అక్కా, మీతోపాటు నేనూ ఏడాది మిరపకాయలు కొంటా. మా గదిలో ఎలకలు. ఇంటాయన గోడకు మేకు కొట్టనివ్వడు. ఒక అర నాకిస్తారా?” అని అడిగింది. నాలుగో అర ఆమెది. మిరపకాయలు, చింతపండు, ఓ మూట వేరుశనగలు.

కానీ మేం ఊరెళితే ఆమె చింతపండు ఆమెకు అందదు. ఇంటికి రెండో తాళంచెవి చేయించి ఆమెకిద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “ఆ అరలో ఏముందో చూసుకుని, అది కొనుక్కోమని డబ్బులిచ్చి వెళ్దాం” అంటుంది. “నా సరుకు నేనే కొనుక్కోవాలా అక్కా?” అంది ఆమె, కొట్టు ఊడుస్తూ, అమ్మకు వినపడేలా.