పలుకలేని వాని యెదుట

న్యూరాలజీ శాఖలో పనిచేయు వైద్యునకు ఇతర వైద్యులకు అంతగా లేని చిక్కొకటి కలదు. కడుపునొప్పి గలవాడు చేయి పెట్టి నొప్పిచోటు చూపును. మెదడున రక్తనాళము పూడుకొని, వాక్కు పోయి, కుడిచేయి పడిపోయినవాడు ఏమి చెప్పగలడు, ఏమి చూపగలడు?

ఢిల్లీ నగరమున 1956లో స్థాపింపబడిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు ఇట్టి రోగులు బీహారునుండి, ఉత్తర ప్రదేశమునుండి వచ్చుచుందురు. వారి బంధువులు కాలిబాటలపై రాత్రులు గడుపుచు వంతుకై వేచియుందురు. పక్షవాతము వచ్చినపుడు, పెద్ద రక్తనాళము పూడుకొన్నచో, నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో లెక్కగట్టిరి. గడ్డను కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను; అదియు రక్తస్రావము లేదని స్కానింగుచే తేల్చుకొనిన పిదపనే. ఆ సంస్థలో ఇట్టి సత్వరచికిత్సను నెలకొల్పుటకు పాటుపడిన వైద్యురాలు ఎం.వి. పద్మా శ్రీవాస్తవకు 2016లో పద్మశ్రీ లభించినది. కాని పల్లెనుండి మూడవనాడు చేరినవానికి ఆ మందు పనికిరాదు. అతని మంచముకడ వైద్యుడు చేయవలసినదేమి?

1861లో పారిస్ నగరమున బ్రోకా అను వైద్యుడు లెబోర్న్ అను రోగిని పరీక్షించెను. అతడు చాలకాలముగా "టాన్" అను శబ్దము తప్ప దాదాపు ఏమియు పలుకలేకుండెను. ఆసుపత్రివారు ఆ శబ్దమునే అతనికి పేరుగా పెట్టిరి. ఎన్నియేండ్లనుండి ఇచ్చటనున్నావని బ్రోకా యడుగగా, అతడు ఎడమచేతి వ్రేళ్లను నాలుగుమారులు విప్పి, పిదప ఒక్కవ్రేలు చూపెను. ఇరువదియొక్క యేండ్లు! లెక్క సరిపోయినది. కొలదిదినములకే అతడు మరణించగా, మెదడున ఎడమవైపు ముందుభాగము చెడియుండుట కనబడెను. ఆ భాగమునకు నేటికిని బ్రోకా పేరే. ఆ వ్రేళ్ల సంగతి మాత్రము తలచువారు తక్కువ.

వాక్కును పలికించునదెవరని కేనోపనిషత్తు విచారించినది. లెబోర్న్ వ్రేళ్లు ఆత్మకు రుజువని నేననను. మెదడున మరియొక చోటు చెడినచో మాట వినబడినను అర్థము కాదు. జ్ఞాపకము నశించిన వృద్ధుడు కన్నకూతునే "ఎవరమ్మా నీవు?" అని యడుగును. అప్పుడు లోన నున్నవానికి సాక్ష్యముగా ఏ వ్రేలును లేవదు. వేదాంతమును నమ్మితిమని చెప్పుకొను మనకు అచ్చటనే పరీక్ష. సాక్ష్యము దొరకని ఆ ముసలివానిని "మీరు" అని పిలువగలమా?

1961లో ఆ సంస్థవారే, ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగ్ అనువారు, యోగుల మెదడు తరంగములను పరిశీలించి, సమాధియందు వెలుతురు, ధ్వని సోకినను ఆల్ఫా తరంగములు చెదరలేదని ప్రకటించిరి. మన సభలలో ఆ కథను ఎంతో సంబరముగా చెప్పుకొందురు. నోరులేని రైతు సంగతి యే సభలోను వినరాదు.

వార్డులో జరుగునది చూడుడు. మంచమునకు అటునిటు నిలిచి, రోగి తలమీదుగా, "ఇతడిక మాటాడడు, ఇంటికి తీసికొనిపోవుట మేలు" అని చెప్పుదురు. మాట పోయిన ఎందరికో వినికిడియు, కొంత గ్రహింపును మిగిలియుండును. అతని కంట నీరు తిరిగినచో, రోగలక్షణమని వ్రాసికొందురు. ఇది క్రూరత్వము కాదు. బయట రెండువందలమంది వేచియున్నారు. అయినను గాయము గాయమే.

చేయదగినది చిన్నది. అతని కన్నులకు ఎదురుగా కూర్చుండి పేరుపెట్టి పిలువవలెను. అవును, కాదు అని తేలు ప్రశ్న నొక్కటి అడిగి, బాగుగా నున్న ఎడమచేతిని పట్టుకొని, ఔనన్నచో నొక్కుడని చెప్పవలెను. రెండు భాషలు తెలిసినవారికి ఒక్కొక్కప్పుడు ఒకటి ముందు, రెండవది వెనుక తిరిగివచ్చును. కనుక ఢిల్లీలో స్థిరపడిన మన తెలుగు పెద్దను హిందీలోనే అడిగి విడువక, "ఏమండీ, దాహముగా నున్నదా?" అని తెలుగుననే అడుగుమని కుమారునితో చెప్పవలెను. పిమ్మట ఊరకుండవలెను. జవాబు రాకమునుపే రెండవ ప్రశ్న వేయరాదు. ఆ వ్రేళ్లు కదలుటకు అరనిమిషము పట్టవచ్చును, ఇంకను ఎక్కువ పట్టవచ్చును. అంతవరకు చేయి వదలకుండుటయే వైద్యుని పని.