పొగ నిప్పుదా, తడి కట్టెదా?

అమెజాన్ ఎస్3 లాంటి క్లౌడ్ నిల్వలో ఫైళ్లు దాచుకునేవాళ్లకు ఒక్కోసారి ఓ చిక్కు ఎదురవుతుంది. టెక్స్ట్ ఫైళ్లు, చిన్న ఫొటోలు ఇట్టే ఎక్కుతాయి. వీడియో పెట్టబోతే మాత్రం ‘403, యాక్సెస్ డినైడ్’ అని వస్తుంది. మూడు వీడియోలు పెట్టి చూస్తే మూడూ వెనక్కి వస్తాయి. ఇక్కడ వీడియోలకు అనుమతి లేదని అక్కడికక్కడే తీర్మానించేస్తాం. కంటికి కనిపించిన తేడా ఫైలు రకమే కాబట్టి, దాన్నే కారణమనుకుంటాం. అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది: ఎప్పుడూ వెంట కనిపించే గుర్తును కారణమని నమ్మడానికి మనకున్న హక్కు ఎంత?

మన తార్కికులు ఈ ప్రశ్నను వంటింటి పొయ్యి దగ్గరే తేల్చారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, నిజమే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవ్వాలి. చాటున ఉండి ఫలితాన్ని నడిపించే ఇలాంటి షరతుకే ‘ఉపాధి’ అని పేరు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీని లక్షణం చెప్పాడు: సాధ్యం (ఇక్కడ పొగ) ఉన్నచోటల్లా ఉపాధి ఉంటుంది, హేతువు (ఇక్కడ నిప్పు) ఉన్నచోటల్లా మాత్రం ఉండదు. ఉపాధి దొరికిందంటే ఆ అనుమానం, అంటే గుర్తును బట్టి చేసిన నిర్ణయం, నిలవదు.

ఈ కొలతతో మన చిక్కును చూద్దాం. 2 ఎంబీల చిన్న వీడియో ఒకటి, 200 ఎంబీల జిప్ ఫైలు ఒకటి పెట్టి చూడాలి. వీడియో ఎక్కి, జిప్ వెనక్కి వచ్చిందంటే దోషం రకానిది కాదు, పరిమాణానిది. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) కమాండ్ లైన్ మామూలుగా 8 ఎంబీలు దాటిన ఫైలును ముక్కలు చేసి పంపుతుంది. ఎస్3లో ఫైళ్లు దాచే ‘బకెట్‌’లోని ఫైళ్లకు కేఎంఎస్ అనే తాళంచెవుల సేవతో తాళం వేసి ఉంటే, చిన్న ఫైలుకు కొత్త తాళంచెవి పుట్టించే హక్కు ఒక్కటి చాలు. ముక్కలుగా వచ్చినదాన్ని అతికించాలంటే మాత్రం, తాళం వేసిన ముక్కలను ఎస్3 మళ్లీ విప్పి చదవాలి. అందుకు డీక్రిప్ట్ హక్కు కూడా కావాలి. పెద్ద ఫైలుకు అది లేకపోవడమే ఇక్కడి తడి కట్టె. వీడియోలు సాధారణంగా పెద్దవి కాబట్టి నింద వాటి మీద పడింది.

‘ఇంత తర్కం దేనికి? హక్కులన్నీ ఇచ్చేస్తే ఫైలు ఎక్కుతుంది, పని జరుగుతుంది’ అనవచ్చు. ఈ మాటకు మన తార్కికుల న్యాయశాస్త్రంలోనే బలం ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రవృత్తి, అంటే తెలిసినదాన్ని నమ్మి చేసిన పని, సఫలమైతే జ్ఞానం నిజమని తెలుస్తుందంటూనే వాత్స్యాయనుడి న్యాయభాష్యం మొదలవుతుంది. అయితే సాఫల్యం సాక్ష్యం చెప్పేది మనం ఏ జ్ఞానాన్ని నమ్మి కదిలామో దానికే. నీళ్లని తెలిసి వెళ్లి తాగినవాడి దాహం తీరితే, అవి నీళ్లేనన్న జ్ఞానం నిలబడింది. హక్కులన్నీ కుమ్మరించినవాడు ఏ కారణాన్నీ నమ్మి కదలలేదు. ఫైలు ఎక్కినా అతనికి తెలిసింది ఇంతే: ఇచ్చినవాటిలో ఏదో ఒకటి కావలసి ఉంది. పైగా, ఫైలు పెట్టడానికి వచ్చినవాడి చేతికి తుడిచేసే హక్కు కూడా వెళ్లింది.

అన్నిసార్లూ రకం నిర్దోషి అని నేననను. ‘.jpg’తో ముగిసే పేర్లనే అనుమతించే నియమం రాసుకున్న బకెట్లూ ఉంటాయి. అక్కడ కారణం నిజంగా ఫైలు పేరే. ఆ సంగతి తేల్చేది కూడా ఆ రెండు ఫైళ్ల పరీక్షే: చిన్న వీడియో వెనక్కి వచ్చి, పేరు మార్చగానే ఎక్కుతుంది. రాత్రికి రాత్రి పని గడవాలంటే తాత్కాలికంగా ఎక్కువ హక్కులు ఇవ్వక తప్పకపోవచ్చు. ఆ ఉపశమనాన్ని జ్ఞానమనుకోవడమే తప్పు. ఒక జాతి మొత్తం మీద ‘వీటి తీరే ఇంత’ అని తీర్పు చెప్పే ముందు, ఆ జాతిలో షరతు తగలనిదాన్ని ఒకదాన్ని, బయట షరతు తగిలినదాన్ని ఒకదాన్ని వెతికి తేవడం మన ధర్మం. పొయ్యి ఆర్పేయకముందే కట్టెను ఒకసారి చేత్తో తాకి చూడాలి.